ఒకే బైబిలు పట్టుకొన్న రెండు సైన్యాలు



ఇల్లు చీలిపోతే ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలుసు. పొలం గట్టు దగ్గర మొదలైన చిన్న మాట అన్నదమ్ములను కోర్టు మెట్లు ఎక్కిస్తుంది. ఒకే సంఘములో పక్కపక్కనే కూర్చొని ప్రభువు బల్లలో పాలుపొందినవారు, బజారులో ఎదురుపడితే మొగము తిప్పుకొని పోతారు. ఒక ఇల్లు చీలితేనే ఇంత బాధ. మరి ఒక దేశమే రెండుగా చీలిపోతే? ఇరువైపులా ఉన్నవారు ఒకే బైబిలు చదివేవారైతే? ఒకే దేవునికి మోకరించి, ఒకరి ఓటమి కోసం మరొకరు ప్రార్థన చేసేవారైతే? అప్పుడు దేవుడు ఎవరి పక్షమున ఉన్నట్టు?

ఇది కల్పించి అడుగుతున్న ప్రశ్న కాదు. 1861లో అమెరికా దేశములో సరిగ్గా ఇదే జరిగింది. ఆ అంతర్యుద్ధము నాలుగేండ్లు సాగి, 6 లక్షలకు పైగా ప్రాణాలను బలి తీసుకొంది. ఈ రోజు ఆ నాలుగేండ్ల చరిత్ర అంతా మనము చూడబోవడం లేదు. మొదటి సంవత్సరములో నేల మీదా, నీటి మీదా జరిగిన కొన్ని పోరాటాలను మాత్రమే చూద్దాము. దయచేసి చివరి వరకు నాతో కూడా రండి.

దేశము కంటే ముందే చీలిన సంఘములు

ఈ యుద్ధానికి మూలకారణము బానిసత్వము. 1860 నాటికి అమెరికా దక్షిణ రాష్ట్రాలలో దాదాపు 40 లక్షల మంది నల్లవారు బానిసలుగా ఉన్నారు. ప్రత్తి చేలలో, చెరకు తోటలలో, వరి మళ్లలో చాకిరీ చేసింది వారే. తల్లిని ఒకరికి, బిడ్డను మరొకరికి అమ్మే సంతలు ఉండేవి. ఆ సంతలకు డబ్బు సంచులతో వెళ్లినవారిలో ఆదివారము గుడికి వెళ్లేవారు కూడా ఉన్నారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, అది నిజము.

ప్రియులారా, ఒక సంగతి గమనించండి. దేశము చీలక ముందే అక్కడ సంఘములు చీలిపోయాయి. బానిసల యజమాని బిషప్పుగా ఉండవచ్చునా అన్న ప్రశ్న మీద 1844లో మెథడిస్టు సంఘము రెండైంది. బానిసల యజమానిని మిషనరీగా పంపవచ్చునా అన్న ప్రశ్న మీద 1845లో బాప్టిస్టులు రెండయ్యారు. 1860 నవంబరులో అబ్రహాము లింకన్ అధ్యక్షునిగా ఎన్నికైన తరువాత దక్షిణ రాష్ట్రాలు ఒక్కొక్కటే విడిపోవడం మొదలుపెట్టాయి. ముందు ఏడు, ఆ పైన నాలుగు, మొత్తము 11 రాష్ట్రాలు కాన్ఫెడరసీ అనే పేరుతో వేరే దేశముగా నిలబడ్డాయి. 1861 ఏప్రిల్ 12 తెల్లవారుజామున చార్ల్‌స్టన్ ఓడరేవులోని సమ్టర్ కోట మీద దక్షిణాది ఫిరంగులు పేలాయి. యుద్ధము మొదలైంది.

సముద్రపు తలుపు మూయుట

సమ్టర్ కోట లొంగిపోయిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 19న, లింకన్ దక్షిణాది రేవులన్నిటికీ దిగ్బంధనము ప్రకటించాడు. ప్రత్తి బయటకు పోకూడదు, తుపాకులూ మందుగుండూ లోపలికి రాకూడదు. మాట చెప్పడం తేలికే. కాపలా కాయవలసిన తీరము 3,500 మైళ్లు! అప్పటికి నౌకాదళము దగ్గర పనికి వచ్చే ఓడలు చాలా కొద్ది. వ్యాపార ఓడలను, పట్టణాల మధ్య జనాన్ని దాటించే పడవలను సయితము కొని వాటి మీద ఫిరంగులు పెట్టారు.

వృద్ధుడైన సైన్యాధిపతి విన్‌ఫీల్డ్ స్కాట్ ఒక ఆలోచన చెప్పాడు. సముద్రము వైపు తలుపు మూసి, మధ్యలో మిసిసిపీ నది పొడుగునా పడవలూ సైనికులూ దిగివెళ్లి దక్షిణాదిని రెండు ముక్కలు చేయాలి అన్నాడు. పత్రికలవారు నవ్వారు. కొండచిలువ చుట్టుకొన్నట్టు ఉంది ఈ ముసలాయన పథకము అన్నారు. ఒక్క దెబ్బతో తేలిపోవాలని వారి తొందర. అయితే 1861 జూలై 21న బుల్ రన్ దగ్గర మొదటి పెద్ద యుద్ధములో ఉత్తరాది సైన్యము ఓడి, వాషింగ్టన్ వైపు పరుగెత్తి వచ్చింది. ఇది ఒక్కనాటితో తీరే పని కాదని అప్పుడు అందరికీ అర్థమైంది.

దిగ్బంధనము చేసే ఓడలు బొగ్గు నింపుకోవడానికి, మరమ్మతు చేసుకోవడానికి దక్షిణాది తీరములోనే ఒక రేవు కావాలి. అందుకని 1861 నవంబరు 7న ఉత్తరాది ఓడలు సౌత్ కరోలినాలోని పోర్ట్ రాయల్ మీదకు వెళ్లాయి. అక్కడి రెండు కోటలను కాపాడుతున్న దక్షిణాది సేనాని పేరు థామస్ డ్రేటన్. కోటల మీద ఫిరంగులు పేల్చిన ఉత్తరాది ఓడలలో ఒకదాని పేరు పోకహంటాస్. దాని కెప్టెన్ పేరు పెర్సివల్ డ్రేటన్. అవును, మీరు అనుకొన్నది నిజమే. వారిద్దరూ ఒక తల్లి పిల్లలు. తన సొంత అన్న ఉన్న కోట అని తెలిసే తమ్ముడు గుండ్లు పేల్చవలసి వచ్చింది.

కోటలు కొన్ని గంటల్లోనే పడిపోయాయి. చుట్టుపక్కల దీవుల్లోని తోటల యజమానులు ఇండ్లు వదలి పారిపోయారు. దాదాపు 10,000 మంది బానిసలు మాత్రము ఎక్కడికీ పోకుండా అక్కడే నిలిచిపోయారు. మరుసటి సంవత్సరము ఉత్తరాది నుండి ఉపాధ్యాయులు వచ్చి వారికి బడులు పెట్టారు. అక్షరము నేర్పితే శిక్ష అన్న చట్టము ఉన్న నేల మీద ముసలివారు సయితము పలక పట్టుకొని కూర్చొన్నారు.

బిషప్పు కట్టుకొన్న ఖడ్గము

ఇప్పుడు సముద్రము విడిచి నదుల దగ్గరకు వద్దాము. ఒహాయో నది వచ్చి మిసిసిపీలో కలిసే చోట కైరో అనే ఊరు ఉంది. దానికి ఎగువన టెనెసీ, కంబర్లాండ్ అనే రెండు నదులు దక్షిణాది నేల గుండా పారివచ్చి ఒహాయోలో కలుస్తాయి. ఆ రోజుల్లో మంచి రోడ్లు లేవు. వానకాలములో బండి చక్రము ఇరుసు వరకు దిగబడేది. నది ఎవరి చేతిలో ఉంటే తిండి గింజలు, మందుగుండు, సైనికులు వారి చేతిలో ఉన్నట్టే. మన గోదావరి మీద లాంచీలే దిక్కుగా బ్రతికిన లంక గ్రామాల పెద్దలకు ఈ మాట చెప్పనక్కర లేదు.

ఈ నదులకు అడ్డముగా ఉన్న కెంటకీ రాష్ట్రము మొదట మేము ఎవరి పక్షమూ కాదు అన్నది. ఇరుపక్షాలవారూ ఆ సరిహద్దు దాటడానికి వెనుకాడారు. ఆ గీత దాటిన మొదటి సేనాని ఎవరో తెలుసా? లియోనిడాస్ పోల్క్. ఆయన లూసియానా రాష్ట్రానికి ఎపిస్కోపల్ సంఘపు మొదటి బిషప్పు! యౌవనములో సైనిక విద్య చదివి, దానిని విడిచి దేవుని సేవకు వచ్చినవాడు. స్వయముగా ఎందరో బానిసలకు యజమాని. యుద్ధము రాగానే దక్షిణాది అధ్యక్షుడైన తన పాత స్నేహితుడు జెఫర్సన్ డేవిస్ పిలిస్తే, అంగీ మీద ఖడ్గము కట్టుకొని జనరలుగా బయలుదేరాడు. 1861 సెప్టెంబరు మొదటి వారములో ఆయన సైనికులు మిసిసిపీ ఒడ్డునున్న కొలంబస్ అనే ఊరిని ఆక్రమించుకొన్నారు. అక్కడ 100కు పైగా ఫిరంగులు పెట్టి, నదికి అడ్డముగా పెద్ద ఇనుప గొలుసు కట్టారు.

ఆయన తొందరపాటు ఆయన పక్షానికే చేటు తెచ్చింది. కెంటకీ శాసనసభ ఉత్తరాది వైపు మొగ్గింది. మరో రెండు రోజులకే, సెప్టెంబరు 6న, కైరోలో ఉన్న ఒక ఉత్తరాది సేనాని టెనెసీ నది ముఖద్వారమైన పడూకాను పట్టుకొన్నాడు. ఆయన పేరు యులిసిస్ గ్రాంట్. సైన్యపు ఉద్యోగము మానుకొని, వ్యవసాయము చేసి నష్టపోయి, వీధుల్లో కట్టెలు అమ్మి, చివరకు తండ్రి తోళ్ల దుకాణములో గుమాస్తాగా చేరిన మనిషి. ఊరంతా పనికిరానివాడు అని తేల్చేసిన మనిషి.

సారాయి మాన్పించిన నావికుడు

గ్రాంటుకు నీటి మీద తోడుగా వచ్చినవాడు ఆండ్రూ ఫుట్. ఈయన గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. ఫుట్ భక్తిగల నావికుడు. ఆ కాలములో ఓడ మీద ప్రతి నావికునికీ ప్రభుత్వమే రోజూ సారాయి పోసేది. 1840ల్లో కంబర్లాండ్ అనే యుద్ధనౌకలో అధికారిగా ఉన్నప్పుడు ఫుట్ నావికులతో మాట్లాడి, వారి ఇష్టముతోనే ఆ సారాయి మాన్పించాడు. తరువాత పెర్రీ అనే ఓడ మీద ఆఫ్రికా తీరములో బానిసలను ఎత్తుకుపోయే ఓడలను పట్టుకొనే పని చేశాడు. ఆ అనుభవముతో 1854లో ఒక పుస్తకము కూడా వ్రాశాడు. ఆయనా ఆయనవంటి మరికొందరూ ఏండ్ల తరబడి పట్టుపట్టగా, 1862 సెప్టెంబరు 1 నుండి అమెరికా నౌకాదళములో సారాయి పంపకమే ఆగిపోయింది.

ఫుట్ చేతికి వచ్చిన పడవలు విచిత్రమైనవి. సెయింట్ లూయిస్‌కు చెందిన జేమ్స్ ఈడ్స్ అనే ఇంజనీరు కొన్ని నెలల్లోనే ఏడు పడవలు కట్టించాడు. 175 అడుగుల పొడవు, ఆరడుగుల నీటిలో తేలే అడుగు భాగము, ముందు వైపున రెండున్నర అంగుళాల ఇనుప రేకు, ఒక్కొక్క దానికి 13 ఫిరంగులు. ఏటవాలు గోడలతో బల్లపరుపుగా ఉండటం చేత జనము వాటిని తాబేళ్లు అని పిలిచారు. వింత ఏమిటంటే, ఆ పడవలు సైన్యము ఖర్చుతో కట్టినవి, నడిపేవారు నౌకాదళపు అధికారులు. నావికులు చాలక సైనికులను తెచ్చి పడవలెక్కించారు. అంటే డబ్బు ఒకరిది, పెత్తనము మరొకరిది. ఇలాంటి చోట గొడవలు వచ్చి పని చెడిపోవడం మనము ఎన్ని కమిటీల్లో చూడలేదు! గ్రాంట్, ఫుట్ మాత్రము గొడవ పడలేదు. ఒకడు చుట్ట తాగే సైనికుడు, మరొకడు సారాయి ముట్టని భక్తుడు. ఒకడు నేల మీద, ఒకడు నీటి మీద. ఎవరి కింద ఎవరూ కారు. 1862 జనవరి 28న ఇద్దరూ తమ పై అధికారి హేలెక్‌కు ఒకే విన్నపము తంతి ద్వారా పంపారు: హెన్రీ కోట మీదకు వెళ్లడానికి మాకు సెలవు ఇవ్వండి. అంతకు ముందు గ్రాంట్ ఒక్కడే వెళ్లి అడిగితే హేలెక్ విసుక్కొని పంపేశాడు. ఇద్దరూ కలిసి అడిగితే రెండు రోజుల్లో అనుమతి వచ్చింది.

నీట మునిగిన కోట

హెన్రీ కోట టెనెసీ నది ఒడ్డున ఉంది. దానిని పల్లపు నేలలో కట్టారు. కట్టడానికి మట్టి మోసినవారిలో బానిసలు కూడా ఉన్నారు. ఫిబ్రవరి వచ్చేసరికి నది పొంగి కోటలోకి నీరు చొరబడింది. కోట అధిపతి లాయిడ్ టిల్‌మన్ పరిస్థితి చూచి, తన సైనికులలో ఎక్కువమందిని 12 మైళ్ల దూరములో కంబర్లాండ్ నది మీదున్న డోనెల్సన్ కోటకు పంపించివేశాడు. 100 మంది కూడా లేని ఫిరంగి దళముతో తాను నిలిచాడు, మిగిలినవారు తప్పించుకొనే వరకు శత్రువును ఆపాలని. శత్రువైనా సరే, ఆ మనిషి చేసిన పనిని మెచ్చుకోవాలి.

1862 ఫిబ్రవరి 6, గురువారము. ఫుట్ నాలుగు ఇనుప పడవలను ముందు, మూడు చెక్క పడవలను వెనుక పెట్టుకొని కోట మీదకు నడిపాడు. గంటకు పైగా ఇరువైపులా ఫిరంగులు పేలాయి. ఎసెక్స్ అనే పడవలో ఒక గుండు బాయిలరును చీల్చింది. మరిగే ఆవిరి కమ్ముకొని 30 మందికి పైగా కాలిపోయారు, కొందరు చనిపోయారు. అయినా కోటలోని ఫిరంగులు ఒక్కొక్కటే మూగబోయాయి. టిల్‌మన్ జెండా దించాడు. గ్రాంట్ సైన్యము ఎక్కడ? వానకు బురద అయిన దారిలో దిగబడి, యుద్ధము ముగిసిన తరువాత చేరుకొంది! నీరు ఆ రోజు ఒకరికి శత్రువు, ఒకరికి దారి.

మూడు రోజుల తరువాత ఆదివారము వచ్చింది. ఫుట్ కైరోలో ఉన్నాడు. పడవల మరమ్మతు జరుగుతోంది. ఆయన అక్కడి ప్రెస్బిటేరియన్ గుడికి ఆరాధనకు వెళ్లాడు. జనము కూడుకొన్నారు గాని బోధకుడు రాలేదు. అందరూ ఎదురుచూస్తున్నారు. అప్పుడు ఫుట్ లేచి, తానే వేదిక ఎక్కి, ప్రార్థన చేసి, యోహాను సువార్త 14వ అధ్యాయము మొదటి వచనము మీద వాక్యము చెప్పాడు. ఆ వచనము మీకు నోటికి వచ్చే ఉంటుంది, మన ఇండ్లలో మరణము సంభవించినప్పుడు తరచు చదువుకొనే వచనము. ఊరంతా విజయము గూర్చి మాట్లాడుకొంటున్న ఆ ఆదివారము, ఈ నావికుడు విజయము మీద బోధించలేదు. కలవరపడే హృదయాన్ని గూర్చి బోధించాడు. ఆవిరికి కాలిపోయిన తన మనుషులు ఆయన మనస్సులో ఉండి ఉంటారు.

మంచులో డోనెల్సన్

గెలిచిన పద్ధతి ప్రతిసారీ గెలిపించదు. ఈ పాఠము ఫుట్ ఒక వారములోనే నేర్చుకొన్నాడు.

గ్రాంట్ సైనికులు ఫిబ్రవరి 12న డోనెల్సన్‌కు నడిచారు. ఆ రోజు ఎండ వెచ్చగా కాసింది. బరువు ఎందుకని చాలామంది కోట్లు, దుప్పట్లు దారిలోనే పారవేశారు. మరునాటి రాత్రి గాలి తిరిగి, వాన మంచుగా మారింది. శత్రువు గురి చూస్తాడని మంట వేసుకోవడానికి వీలులేదు. గాయపడి పడినవారు పడినచోటనే బిగుసుకుపోయారు. నిన్న ఎండ కాసిందని రేపటి దుప్పటి పారవేసిన ఆ కుర్రవాళ్లను తలచుకొంటే మనస్సు కలుక్కుమంటుంది.

14వ తేదీన ఫుట్ తన పడవలతో వచ్చాడు. ఈ కోట పల్లములో లేదు, 100 అడుగుల ఎత్తున గట్టు మీద ఉంది. హెన్రీ కోట దగ్గర చేసినట్టే ఆయన దగ్గరకు, మరింత దగ్గరకు, 400 గజాల దూరము వరకు వెళ్లాడు. అదే పొరపాటు. పై నుండి పడే గుండ్లు పడవల కప్పులను చీల్చాయి. పడవల గుండ్లేమో కోట మీదుగా అవతలకు పోయాయి. ఫుట్ ఎక్కిన సెయింట్ లూయిస్ పడవకు 59 దెబ్బలు తగిలాయి. చుక్కాని తిప్పేవాడు చనిపోయాడు. ఫుట్ కాలి మడమ దగ్గర గాయమైంది. పడవలు వశము తప్పి ఏటి వాలున కొట్టుకుపోయాయి. కోటలోని ఫిరంగుల దగ్గర ఒక్కడు కూడా చావలేదు.

మరునాడు ఉదయము గ్రాంట్, గాయపడిన ఫుట్‌ను చూడటానికి నది దగ్గరకు వెళ్లిన సమయములోనే, దక్షిణాది సైన్యము కోటలో నుండి విరుచుకుపడింది. ఉత్తరాది కుడివైపు వెనక్కు తగ్గింది. నాష్‌విల్ పోయే దారి తెరుచుకొంది. ఇంకొక్క గంట ధైర్యము చేస్తే వారంతా తప్పించుకుపోయేవారు. అయితే వారి నాయకులు తడబడ్డారు. తెరచిన దారి వదిలి సైనికులను మళ్లీ కందకాల్లోకి పిలిచారు. గ్రాంట్ తిరిగి వచ్చి, శత్రువు ఒకవైపు బలమంతా పెట్టాడంటే మరోవైపు పలచబడి ఉంటాడని గ్రహించి, ఎడమవైపు నుండి కొట్టించాడు. సాయంత్రానికి కోట చుట్టూ ఉచ్చు బిగిసింది.

ఇక ఆ రాత్రి కోటలో జరిగినది వినండి. పెద్ద సేనాని ఫ్లాయిడ్. ఒకప్పుడు అమెరికా ప్రభుత్వములో యుద్ధమంత్రిగా పనిచేసినవాడు. పట్టుబడితే ద్రోహిగా విచారిస్తారని భయము. ఆయన అధికారము రెండవవాడైన పిల్లోకు అప్పగించాడు. పిల్లో ఆ క్షణమే మూడవవాడైన బక్నర్‌కు అప్పగించాడు. ఫ్లాయిడ్ తన వర్జీనియా సైనికులను స్టీమర్లలో ఎక్కించుకొని వెళ్లిపోయాడు. పిల్లో చిన్న పడవలో నది దాటాడు. జీతగాడైన కాపరిని గూర్చి మన ప్రభువు చెప్పిన ఉపమానము మీకు జ్ఞాపకము వస్తోంది కదూ? ఫారెస్ట్ అనే గుర్రపుదళపు అధికారి మాత్రము లొంగనని చెప్పి, తన రౌతులతో చల్లని వరద నీటిలో పడి దాటిపోయాడు. మిగిలిన 12,000 మందికి పైగా సైనికులతో నిలిచినవాడు బక్నర్ ఒక్కడే.

16వ తేదీ, ఆదివారము. ఏ షరతుల మీద లొంగాలని బక్నర్ జాబు పంపాడు. షరతులేమీ లేవు, బేషరతుగా లొంగిపోవడమే అని గ్రాంట్ బదులిచ్చాడు. ఆ జవాబుతో దేశమంతా గ్రాంట్ పేరు మారుమ్రోగింది. అయితే చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉంది. ఈ ఇద్దరూ యౌవనములో ఒకే సైనిక పాఠశాలలో చదివిన స్నేహితులు. 1854లో గ్రాంట్ ఉద్యోగము మానుకొని, చేతిలో పైసా లేకుండా న్యూయార్క్‌లో చిక్కుకుపోయినప్పుడు, హోటలు బాకీకి పూచీ పడి ఆదుకొన్నవాడు ఈ బక్నరే. ఇప్పుడు అదే బక్నర్ ఖైదీ. లొంగుబాటు పని ముగిసిన తరువాత గ్రాంట్ ఆయనను పక్కకు పిలిచి, తన డబ్బు సంచి ఆయన ముందు పెట్టాడు. సైనికునిగా షరతు ఒప్పుకోలేదు, స్నేహితునిగా ఋణము మరువలేదు. 23 ఏండ్ల తరువాత, 1885లో గ్రాంట్ చనిపోయినప్పుడు ఆయన శవపేటిక వెంట గౌరవముగా నడిచినవారిలో ఈ బక్నర్ కూడా ఉన్నాడు.

షిలోహు

డోనెల్సన్ పడిపోగానే దక్షిణాది కంచె కూలింది. ఫిబ్రవరి 25న నాష్‌విల్ ఉత్తరాది వశమైంది. బిషప్పు పోల్క్ తన గొలుసునూ కొలంబస్‌నూ వదలి వెళ్లిపోయాడు. యుద్ధము ఇక అయిపోయినట్టే అని చాలామంది అనుకొన్నారు.

కాని మార్చి 8న వర్జీనియా తీరములో ఇనుప కవచపు దక్షిణాది ఓడ ఒకటి బయటికి వచ్చి, రెండు పెద్ద కొయ్య ఓడలను నాశనము చేసింది. 200 మందికి పైగా చనిపోయారు. మునిగిన ఓడ పేరు కంబర్లాండ్, ఒకప్పుడు ఫుట్ సారాయి మాన్పించిన ఓడ అదే. కాలిపోయిన ఓడ పేరు కాంగ్రెస్. దానిని కాల్చిన దక్షిణాది అధికారి ఫ్రాంక్లిన్ బుకానన్. ఆ ఓడ మీద ఆయన సొంత సహోదరుడు ఉద్యోగిగా ఉన్నాడు! బ్రతికి బయటపడ్డాడు, అంతే. మరునాడు ఉత్తరాదివారి మానిటర్ అనే ఇనుప ఓడ వచ్చి ఎదిరించింది. గంటల తరబడి పోరాడినా ఏదీ గెలవలేదు. కొయ్య యుద్ధనౌకల కాలము మాత్రము ఆ రెండు రోజులతో ముగిసింది.

తరువాత ఏప్రిల్ 6, అదీ ఆదివారమే. టెనెసీ నది ఒడ్డున అడవిలో దుంగలతో కట్టిన చిన్న మెథడిస్టు గుడి ఒకటి ఉంది. దాని పేరు షిలోహు. మందసము నిలిచిన చోటు, హన్నా కన్నీళ్లతో ప్రార్థించిన చోటు పేరు పెట్టుకొన్న గుడి. ఆ గుడి చుట్టూ విడిదిచేసిన గ్రాంట్ సైన్యము మీద తెల్లవారేసరికి 40,000 మందికి పైగా దక్షిణాదివారు విరుచుకుపడ్డారు. రెండు రోజులు యుద్ధము జరిగింది. రాత్రంతా నదిలోని రెండు పడవలు గుండ్లు పేలుస్తూనే ఉన్నాయి. చివరికి ఉత్తరాది నిలిచింది. చనిపోయినవారు, గాయపడినవారు, కనబడకపోయినవారు ఇరువైపులా కలిపి 23,000 మందికి పైన. ప్రార్థన చేయడానికి కట్టిన గుడిలో గాయపడినవారిని వరుసగా పడుకోబెట్టారు. ఈ యుద్ధము తొందరగా ముగియదని గ్రాంట్ ఆ రోజు గ్రహించాడు.

వేకువజామున వెళ్లిన ఓడ

సేనాపతుల సంగతి చాలు. ఒక బానిస సంగతి చెప్పి ముగిస్తాను.

రాబర్ట్ స్మాల్స్, 23 ఏండ్ల యువకుడు. చార్ల్‌స్టన్ రేవులో ప్లాంటర్ అనే దక్షిణాది స్టీమరు నడిపే నేర్పరి. నడిపేది ఆయనే, కాని ఆయన మరొకరి సొత్తు. భార్య, పిల్లలు కూడా మరొకరి సొత్తు. 1862 మే 12 రాత్రి తెల్ల అధికారులు ఓడ విడిచి ఇండ్లకు వెళ్లారు. 13వ తేదీ వేకువజామున స్మాల్స్ తోటి బానిసలతో కలిసి ఆవిరి పెంచాడు. దారిలో తమ కుటుంబాలను ఎక్కించుకొన్నారు. మొత్తము 16 మంది. దొరికితే మరణమే. స్మాల్స్ కెప్టెన్ గడ్డి టోపీ పెట్టుకొని, ఆయన నిలుచునే తీరులోనే నిలుచున్నాడు. ఒక్కొక్క కోట దగ్గర సరియైన ఈల గుర్తు ఊదాడు. సమ్టర్ కోట కూడా దాటనిచ్చింది. ఫిరంగులకు అందని దూరము చేరాక దక్షిణాది జెండా దించి, భార్య తెచ్చిన తెల్లని దుప్పటి ఎత్తాడు. దిగ్బంధనము చేస్తున్న ఉత్తరాది ఓడ దానిని చూచి కాల్చకుండా ఆగింది. ఆ తెల్లవారుజామున 16 మంది స్వతంత్రులయ్యారు. స్మాల్స్ తరువాతి కాలములో అమెరికా పార్లమెంటు సభ్యుడయ్యాడు. తాను బానిసగా పుట్టిన చోటనే, తన యజమాని ఇంటిని కొనుక్కొన్నాడు.

మనకేమిటి?

ప్రియులారా, మొదట అడిగిన ప్రశ్నకు తిరిగి వద్దాము. దేవుడు ఎవరి పక్షమున ఉన్నాడు?

మొదటిది, గెలుపును బట్టి దేవుని పక్షమును లెక్కగట్టవద్దు. ఫుట్ భక్తుడే. 6వ తేదీన గెలిచాడు, 14వ తేదీన ఓడాడు. ఎనిమిది రోజుల్లో ఆయన భక్తి తగ్గిపోలేదు, కోట ఎత్తు మారింది. అంతే. ఆ గాయము నుండి పూర్తిగా కోలుకోకుండానే 1863 జూన్‌లో ఆయన కన్నుమూశాడు.

రెండవది, చేతిలో బైబిలు ఉండటం వేరు, బైబిలు చెప్పినది చేయడం వేరు. పోల్క్ బిషప్పు బైబిలు తెలియనివాడు కాడు. మనుషులను కొని అమ్మడం తప్పు అన్న ఒక్క మాట మాత్రము ఆయనకు అందులో కనబడలేదు. లాభము కళ్లకు అడ్డుపడితే వచనము కనబడదు. 1864లో ఆయన ఫిరంగి గుండు తగిలి చనిపోయాడు. ఆయనను నిందించడం మనకు తేలిక. అయితే మన సంఘములో కులము పేరుతో వేరు బెంచీ, వేరు సమాధి స్థలము ఉన్న చోట, ఏ వచనము మన కళ్లకు కనబడకుండా ఉంది?

మూడవది, చీలిక వచ్చినప్పుడు కూడా మనిషిని మరువవద్దు. సత్యము దగ్గర రాజీ పడకుండానే, ఓడినవాని ముందు డబ్బు సంచి పెట్టవచ్చునని గ్రాంట్ చూపించాడు. మీ ఇంట్లో మాట్లాడని అన్న ఉన్నాడా? కోర్టులో మీకు ఎదురుగా నిలిచిన తమ్ముడున్నాడా? ఒకప్పుడు ఆయన మీకు చేసిన మేలు ఒకటి జ్ఞాపకము చేసుకోండి.

చివరగా ఒక్క మాట. ఆ యుద్ధము జరుగుతున్న 1862లోనే అమెరికాలో బాప్టిస్టు మిషనువారు నెల్లూరులోని తెలుగు మిషనును మూసివేద్దామా అని ఆలోచించారు. ఏండ్ల తరబడి పనిచేసినా ఫలము కొద్దిగానే ఉంది. సెలవు మీద వెళ్లి ఉన్న జూయెట్ దొరగారు లేచి, మీరు మూసినా నేను ఒక్కడినే తిరిగి వెళతాను, తెలుగువారి మధ్యనే చనిపోతాను అన్నారు. మిషను మూతపడలేదు. ఆయనతో కలిసి క్లౌ దొరగారు 1864 చివర, యుద్ధము ఇంకా సాగుతుండగానే ఓడ ఎక్కి, 1865 ఏప్రిల్‌లో మద్రాసులో దిగారు. అక్కడ తుపాకులు ఆగిపోయిన నెల కూడా అదే. ఒంగోలు చరిత్ర తెలిసిన మీకు ఆ తరువాతి సంగతి చెప్పనక్కర లేదు.

ఒక దేశము తన్ను తాను చంపుకొంటున్న రోజుల్లో, ఇద్దరు మనుషులు చీలికను కాక పిలుపును చూచారు. ఈ వారము మీ ఇంట, మీ సంఘములో మీరు ఏది చూడబోతున్నారు? ఆలోచించండి. దేవుడు మీకు సమాధానము దయచేయును గాక.